దరఖాస్తు ఎవరు రాయాలి?

"ఏ స్కూళ్లకి అప్లై చెయ్యమంటారు మేడమ్?" అని మా ఫార్మా ప్లాంటులో పిల్లలు అడిగితే నేను పేర్లు చెప్పను. ర్యాంకుల పట్టికలు వాళ్ల ఫోన్లలోనే ఉంటాయి. ఎంబీఏ అయిపోయిన మర్నాడు ఏ దేశంలో, ఏ పనిలో ఉండాలనుకుంటున్నావో చెప్పు అంటాను. చాలామంది అక్కడ ఆగిపోతారు. ఆగడం మంచిదే. ఇంత పెద్ద అప్పు నెత్తికెత్తుకునే ముందు మనిషి కాసేపు ఆగాలి.

అమెరికాలో పేరున్న స్కూల్లో రెండేళ్ల ఎంబీఏ అంటే ఫీజు, ఇంటద్దె, తిండి, ఇన్సూరెన్సు కలిపి రెండు లక్షల డాలర్లు దాటుతోంది. మన డబ్బులో కోటిన్నర పైమాటే. మధ్యతరగతి ఇంట్లో ఇది అప్పుగానే వస్తుంది. నాన్న కట్టుకున్న ఇల్లో, ఊళ్లో ఉన్న పొలమో బ్యాంకుకు తాకట్టు పోతుంది. శంకర్‌పల్లి దగ్గర రెండొందల గజాల ప్లాటు కొనాలంటే మనవాళ్లు ముప్ఫై ఏళ్ల ఈసీ తీయిస్తారు, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపిస్తారు, సరిహద్దు రాళ్లు కొలిపిస్తారు. అంతకు ఎన్నో రెట్లు డబ్బు పోసే చదువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కన్సల్టెన్సీ ఇచ్చిన జాబితాలో ఐదు టిక్కులు పెట్టి ఇంటికొస్తారు. నాకు బాధ కలిగించేది ఇదే.

చదువుకూ ఈసీలాంటి కాగితం ఒకటుంది. దాని పేరు ఎంప్లాయ్‌మెంట్ రిపోర్టు. మంచి స్కూళ్లు ఏటా దాన్ని తమ వెబ్‌సైటులో పెడతాయి. నా దగ్గరికి వచ్చే పిల్లలతో నేను ఎక్కువసేపు కూర్చునేది దీని మీదే. పైన పెద్ద అక్షరాలతో తొంభై చిల్లర శాతం అని కనిపిస్తుంది. ఆ శాతం తరగతి మొత్తానిది అనుకోకూడదు. సొంత వ్యాపారం పెట్టుకున్నవాళ్లనూ, పంపిన కంపెనీకే తిరిగి వెళ్లినవాళ్లనూ తీసేసి, ఉద్యోగం వెతుక్కున్నవాళ్ల మీదే ఆ లెక్క కడతారు. గడువు కూడా చూడాలి, సాధారణంగా అది పట్టా అందుకున్న మూడు నెలల వరకు. జీతం ఎంతో చెప్పినవాళ్లు ఎంతమంది అన్నది మరో గడి. అన్నిటికంటే ముఖ్యమైన పట్టిక కింద ఎక్కడో ఉంటుంది. చాలా అమెరికా స్కూళ్లు ఆ దేశంలో శాశ్వతంగా పనిచేసే హక్కు ఉన్నవాళ్లను, లేనివాళ్లను విడివిడిగా చూపిస్తాయి. మన పిల్లలు రెండో వరుసలో ఉంటారు. పై వరుసకూ కింది వరుసకూ మధ్య ఎంత తేడా ఉందో చూస్తే ఆ స్కూలు విదేశీ విద్యార్థికి ఎంతవరకు దారి చూపిస్తోందో తెలుస్తుంది. ఆ పట్టికే లేకపోతే అడ్మిషన్స్ ఆఫీసుకు మెయిల్ రాసి అడగాలి. అడిగే హక్కు మనకుంది.

ర్యాంకులు పనికిరావని అనను. అవి దేన్ని కొలుస్తున్నాయో తెలుసుకుని చూడాలి. ఫైనాన్షియల్ టైమ్స్ 1999 నుంచి ఇస్తున్న పట్టికలో పూర్వ విద్యార్థుల జీతానికి చాలా బరువుంటుంది. ఆ జీతాన్ని ఆయా దేశాల కొనుగోలు శక్తికి సరిచేసి లెక్కిస్తారు. అప్పు తీర్చాల్సినవాడు సరిచేసిన అంకెను చూసుకుని ధీమాగా ఉంటే చిక్కే.

ఇక వీసా. అమెరికాలో చదివాక ఓపీటీ కింద 12 నెలలు పనిచేయొచ్చు. కోర్సు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) వర్గంలో నమోదై ఉంటే ఇంకో 24 నెలలు దొరుకుతాయి. ఒకే స్కూల్లో ఒక ఎంబీఏ స్టెమ్ కావచ్చు, పక్క స్పెషలైజేషన్ కాకపోవచ్చు. ఫీజు కట్టకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఆ తర్వాత హెచ్-1బీ ఉద్యోగ వీసా. ఏటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000. అవీ ఎంపికలో పేరొస్తేనే. 2025 సెప్టెంబరులో కొత్త పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక కంపెనీలు ఇంకా ఆచితూచి అడుగేస్తున్నాయి. బ్రిటన్‌లో చదువయ్యాక ఉండనిచ్చే రెండేళ్లు, 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలకు తగ్గుతున్నాయి. ఈ నిబంధనలు తెలిశాక కూడా వెళ్తానన్నవాళ్లను నేను ఆపను. తెలియకుండా వెళ్లేవాళ్ల గురించే నా దిగులు.

ఏడాది కోర్సా, రెండేళ్లదా అన్నది కూడా పని మీద ఆధారపడే ప్రశ్నే. ఫ్రాన్స్‌లోని ఫాంటెన్‌బ్లోలో 1957లో మొదలైన ఇన్సియాడ్‌ స్కూల్లో ఎంబీఏ 10 నెలల్లో అయిపోతుంది, ఆ మేరకు జీతం పోగొట్టుకునే కాలమూ తగ్గుతుంది. చేస్తున్న రంగంలోనే పైకి వెళ్లాలనుకునేవాళ్లకు అది చక్కగా సరిపోతుంది. మందుల ప్లాంటు నుంచి కన్సల్టింగ్‌కో బ్యాంకింగ్‌కో మారాలనుకుంటే మాత్రం మధ్యలో వేసవి ఇంటర్న్‌షిప్ ఉన్న రెండేళ్ల కోర్సే మేలు. ఆ రంగాల్లో ఉద్యోగాలు చాలావరకు ఇంటర్న్‌షిప్ దారినే వస్తాయి.

నిన్నగాక మొన్న బీటెక్ అయినవాళ్లు ఎంబీఏ అంటే నేను ఒప్పుకోను. ఆ తరగతుల్లో సగటున నాలుగైదేళ్ల అనుభవం ఉంటుంది. పక్కవాడి పని నుంచి నేర్చుకోవడమే అక్కడ సగం చదువు. మన హైదరాబాదు సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తూనే వారాంతాల్లో చికాగో వెళ్లి, 1997లో ఎంబీఏ పూర్తి చేశారు. బీటెక్ కాగానే వెళ్లాలనుకునేవాళ్లకు మాస్టర్స్ ఇన్ మేనేజ్‌మెంట్ కోర్సులు వేరే ఉన్నాయి.

కన్సల్టెన్సీల గురించి రెండు మాటలు. చేర్పించిన విద్యార్థికి ఇంత అని కమీషన్ ఇచ్చే విశ్వవిద్యాలయాలున్నాయి. అంతా ఉచితం అన్నవాళ్లను ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారో అడగాలి. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద వీసా మోసం కేసులో అధికారుల దాడులు జరిగినప్పుడు దిక్కుతోచకుండా నిలబడ్డవాళ్లలో తెలుగు పిల్లలే ఎక్కువ. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. ఆ ఫొటోలు చూసిన తల్లిదండ్రులెవరూ మర్చిపోలేరు. అలాంటి చోట చిక్కుకోకుండా ఏఏసీఎస్‌బీ, ఈక్విస్, అంబా అనే మూడు గుర్తింపుల్లో ఏదైనా ఉందో లేదో చూడటానికి పది నిమిషాలు చాలు.

ప్రవేశ పరీక్ష జీమ్యాట్ గురించి నేను చెప్పేది తక్కువే. ఇప్పుడది మూడు విభాగాలు, రెండుంబావు గంటలు, 205 నుంచి 805 దాకా స్కోరు. మన పిల్లలు దాన్ని సాధిస్తారు. తడబడేది దరఖాస్తులో రాసే వ్యాసం దగ్గర.

మా క్వాలిటీ విభాగంలో పనిచేసిన వరంగల్ కుర్రాడొకడు తన వ్యాసం చూపించాడు. చిన్నప్పటి నుంచీ నాయకత్వమంటే తపన అని మొదలైంది. ఎవరి పేరు పెట్టినా నడిచే వ్యాసం. పక్కన పెట్టేయమన్నాను. "ఇక్కడ నువ్వు తిండి మానేసి తిరిగిన వారమేదైనా ఉందా? దాని గురించి చెప్పు" అన్నాను. అప్పుడు చెప్పాడు. రాత్రి షిఫ్టులో ఏ తేడా వచ్చినా, తెల్లవారి షిఫ్టు దిగేటప్పుడు గుర్తున్నంత వరకే డీవియేషన్ ఫారంలో రాసేవాళ్లట. జరిగిన క్షణమే యంత్రం దగ్గర రాయాలని ఇతను పట్టుబట్టాడు. ఇరవై ఏళ్ల సర్వీసున్న షిఫ్ట్ ఇన్‌ఛార్జి "నిన్న వచ్చినోడివి, నాకు నేర్పుతావా" అని కసిరాడు. ఇతను పైవాళ్లకు చెప్పాడు, గొడవ ముదిరింది. తర్వాత ఫిర్యాదు వదిలేసి, ఆయన పక్కనే రాత్రిళ్లు కూర్చుని, ఫారం ఎందుకు బరువవుతోందో గమనించి, దాన్ని ఒక్క పేజీకి కుదించాడు. కొత్తగా చేరినవాళ్లకు ఇప్పుడు ఆ ఫారం నేర్పేది ఆ ఇన్‌ఛార్జే. ఇదంతా అలాగే రాయమన్నాను, పైవాళ్లకు చెప్పి గొడవ పెంచుకున్న సంగతితో సహా. ఆ వ్యాసానికి అతను కోరుకున్న రెండు స్కూళ్లలో ఒకటి సీటిచ్చింది, రెండోది ఇవ్వలేదు.

స్టాన్‌ఫర్డ్ ఏళ్ల తరబడి అభ్యర్థులను జీవితంలో అన్నిటికంటే విలువైనది ఏమిటో, ఎందుకో అడుగుతోంది. అలాంటి ప్రశ్నకు డబ్బిచ్చి రాయించుకున్న జవాబు, యంత్రం చేత రాయించుకున్న జవాబు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే వీగిపోతాయి. రాసింది మనం బతికినది కాకపోతే, దాని గురించి మాట్లాడలేం.

చివరగా రికమండేషన్. ఇది అభ్యర్థి చేతిలో ఉండకూడని ఒకే ఒక్క భాగం. అయినా మన ఆఫీసుల్లో "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అనడం మామూలైపోయింది. స్కూళ్లు దీన్ని ఒప్పుకోవు. సీటిచ్చాక వివరాలు సరిచూసుకునే స్కూళ్లున్నాయి, తప్పు తేలితే సీటు వెనక్కి తీసుకుంటాయి. పైగా చాలా స్కూళ్ల ఫారంలో ముఖ్యమైన ప్రశ్నలు రెండే రెండు. అదే స్థాయిలో బాగా పనిచేసే మిగతావాళ్లతో పోలిస్తే ఇతనెక్కడ ఉన్నాడు? ఇతని లోపం గురించి మీరు చెప్పిన ముఖ్యమైన మాటేమిటి, విని ఇతనేం చేశాడు? రెండో ప్రశ్నకు జవాబు పిల్లలు తమకు తాము రాసుకోలేరు. రాసుకుంటే అది లోపంలా ఉండదు, పొగడ్తలా ఉంటుంది.

కాబట్టి మేనేజర్లందరికీ నా విన్నపం. మీ దగ్గర పనిచేసిన పిల్లలు ఉత్తరం అడిగితే ఒక ఆదివారం పొద్దున రెండు గంటలు వాళ్లకివ్వండి. వాళ్లు చేసిన పని ఒక్కటి తేదీతో, సందర్భంతో రాయండి. సరిదిద్దిన తప్పు ఒక్కటి దాచకుండా రాయండి. మీకు తీరికలేకపోయినా, మనసు ఒప్పకపోయినా ఆ మాట ఆగస్టులోనే చెప్పేయండి. మొదటి రౌండు గడువు సెప్టెంబరు, వాళ్లు ఇంకొకరిని అడగడానికి టైముంటుంది.