రాతిపై నిలిచిన జమాఖర్చు

బ్యాంకు భవనాల వారసత్వ విలువ చర్చకు వచ్చినప్పుడు మహానగరాల్లోని ఎత్తైన స్తంభాల కట్టడాలే మనసులో మెదులుతాయి గానీ, ధనాన్ని భద్రపరచి దాని ఫలాన్ని నిర్దిష్ట కార్యానికి వెచ్చించే బాధ్యతను దక్షిణదేశంలో శతాబ్దాల ముందే దేవాలయాలు నిర్వహించాయి. దాత ఇచ్చిన ద్రవ్యాన్ని శ్రీభండారంలో, అంటే ఆలయ కోశాగారంలో జమకట్టి, ఆ సొమ్ముతో దేవస్థాన గ్రామాల్లో చెరువులు, కాలువలు బాగుచేయించి, పెరిగిన పంటతో దాత కోరిన నైవేద్యాన్ని ఏటేటా జరిపించిన తీరు తిరుమల శాసనాల్లో కనిపిస్తుంది.

హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న లేపాక్షి వీరభద్రాలయాన్ని ఈ దృష్టితోనూ చూడవలసి ఉంది. విజయనగర పాలకుడు అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) పెనుకొండ సీమ అధికారి విరూపణ్ణ, సోదరుడు వీరణ్ణతో కలిసి దీనిని కట్టించాడు. అతడు రాయల కోశాధికారి అనీ, ఖజానా ధనాన్ని గుడికి మళ్లించాడన్న నింద పడగా తన కళ్లను తానే పెరికి గోడకు విసిరాడనీ జనశ్రుతి. ఇది చరిత్రగా రుజువు కాకపోయినా, రాజ్యధనానికి లెక్క చెప్పి తీరాలన్న జనాభిప్రాయం ఇందులో స్పష్టం. ఆలయ శాసనాలు భూదానాలను నమోదు చేయగా, పైకప్పుపై గచ్చుపూత మీద, అంటే సున్నపు లేపనం మీద చిత్రించిన దృశ్యాల్లో దాతలైన సోదరులు ప్రసాదం స్వీకరిస్తూ కనిపిస్తారు. శాసనం దానానికి పత్రమైతే ఈ చిత్రం దాతకు సాక్ష్యం. కనుక ఇక్కడి అలంకరణను కేవలం సొగసుగా ఎంచడం పొరపాటు. ఆ బొమ్మల వస్త్రాలపైని నమూనాలు ధర్మవరం పట్టుచీరల్లోకి చేరి, ఎంత వాడినా తరగని మూలధనంలా నేతగాళ్లకు నేటికీ ఉపయోగపడుతున్నాయి.

1565 తళ్లికోట యుద్ధానంతరం విజయనగర రాజధానిగా మారిన పెనుకొండలోని గగన్ మహల్‌కు కూడా సున్నపు పనే ప్రాణం. సున్నం గోడలోని తేమను బయటికి పోనిస్తుంది. సిమెంటు దానిని లోపలే బంధించి పాత పూతను పెళ్లలుగా ఊడదీస్తుంది. లేపాక్షి 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కినా, గుర్తింపు ఒక్కటే కట్టడాన్ని కాపాడలేదు. హిందూపురం, లేపాక్షి, పెనుకొండ ఊళ్లలోని పాత కచేరీలకు, ఖజానా గదులకు, బ్యాంకు భవనాలకు మరమ్మతు తలపెట్టేవారు ముందుగా వాటి కొలతలను, చిత్రాలను నమోదు చేయించి, సున్నపు పని తెలిసిన మేస్త్రీలకే ఆ బాధ్యతను అప్పగించాలి.