నగల ఫోటోలలో నిజమెంత?

1844వ సంవత్సరంలో ఇంగ్లండు దేశీయుడైన విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ ‘ది పెన్సిల్ ఆఫ్ నేచర్’ అనే గ్రంథాన్ని భాగాలు భాగాలుగా ప్రకటించసాగాడు. కెమేరాతో తీసిన అసలు చిత్రాలనే పుటలపై అంటించి అమ్మిన తొలి గ్రంథాలలో అది పేరెన్నిక గన్నది. అందులో మూడవ పటం అరలలో పేర్చిన పింగాణీ సామాను. నాలుగవది గాజు సామాను. రెండింటిలోనూ నగ ఒక్కటీ లేదు. అయినా ఆ పటాలకు టాల్బట్ జోడించిన వ్యాఖ్యలలోని రెండు మాటలు నేటి నగల ఫోటోలకు చక్కని తూనికరాళ్లు. ఈ పింగాణీని దొంగ ఎత్తుకుపోయిన పక్షంలో ఈ మూగ పటాన్నే న్యాయస్థానంలో సాక్షిగా నిలిపితే ఎలా ఉంటుందని మూడవ పటం వద్ద ఆయన ఊహించాడు. నాలుగవ పటం వద్ద ఒక చిక్కును చెప్పాడు: తెల్లని పింగాణీ, గాజు ఒకే పటంలో సరిగా కుదరవు, పింగాణీకి ప్రకాశం ఎక్కువ కనుక దాని బొమ్మ ముందే తయారవుతుంది, గాజు బొమ్మ అప్పటికింకా పూర్తికాదు.

నగ అనగా ఇట్టి చిక్కే. బంగారం ఒక పదార్థం, రవ్వ ఇంకొకటి, ముత్యం మరొకటి. వెలుగుతో ఒక్కొక్కటి ఒక్కొక్క విధంగా వ్యవహరిస్తుంది. ఈ సంగతిని మరచి ఒకే దీపంతో, ఒకే బొమ్మలో అన్నింటినీ మెప్పించాలని చూడడమే నేటి నగల ఫోటోలలో కనిపించే అసలు లోపం. దుకాణాల ప్రకటనలు, ప్రదర్శనశాలల పుస్తకాలు, ఇళ్లలో ఫోనుతో తీసుకొనే బొమ్మలు - ఈ మూడింటిలో ఏదీ ఈ లోపానికి దూరం కాదు. కాని తప్పులు మాత్రం సమానం కావు.

దుకాణపు ప్రకటనతో మొదలు పెట్టవచ్చు. మెరుగు పెట్టిన బంగారు కంకణం నిజానికి ఒక వంకర అద్దం. దాని ఫోటోలో కనబడేది చాలవరకు కంకణం కాదు. దాని చుట్టూ ఉన్న గది. కిటికీ ఒక తెల్లని మరకగా, కెమేరా ఒక నల్లని చుక్కగా, తీసేవాని చొక్కా రంగు ఒక చారగా అందులో పడతాయి. బంగారానికి తన రంగు లేదని కాదు. తనపై పడిన ఎరుపు కాంతిలో నూటికి 90 పాళ్లకు పైగా బంగారం తిప్పిపంపుతుంది. నీలిరంగు కాంతిలో సగం కూడ తిప్పిపంపదు. పసిమికి కారణం ఇదే. కాంతి ఒక ముఖం నుంచి మరొక ముఖానికి తగిలి రెండుసార్లు పరావర్తనం చెందితే ఎరుపు 81 పాళ్లకు తగ్గదు, నీలం 25 పాళ్లకైనా చేరదు. నకాషీ పనిలోని పల్లాలు గట్టులకంటె ఎర్రగా, నిండుగా కనిపించడంలోని రహస్యం ఈ గుణకారమే. మంచి ఫోటో ఈ తేడాను చూపుతుంది. ప్రకటన ఫోటో చాలమారు దానిని చెరిపివేస్తుంది. నగ చుట్టూ పసుపు అట్టలు నిలబెడితే గట్టులకు కూడ పల్లాల రంగే వస్తుంది. 18 కారెట్ల బంగారం 22 కారెట్ల దానివలె నిగనిగలాడుతుంది. ఇందులో ఏ కిరణమూ అబద్ధం చెప్పలేదు. బొమ్మ మొత్తం మీద అబద్ధమే.

ఇక రవ్వ మీద మెరిసే నక్షత్రం. ప్రకటనలలో రవ్వ నుండి నాలుగు గాని ఆరు గాని సన్నని కిరణాలు చిమ్ముతూ ఉంటాయి. అవి రవ్వవి కావు. కటకం ముందు సన్నని గీతలు చెక్కిన గాజు ఫలకం పెడితే అట్లా వస్తాయి. కెమేరా ద్వారాన్ని బాగా చిన్నది చేస్తే, ద్వారపు రేకుల అంచుల వద్ద జరిగే వివర్తనం వలన కూడ వస్తాయి. రేకులు సరిసంఖ్యలో ఉంటే కిరణాలు అన్నే ఉంటాయి. బేసి సంఖ్యలో ఉంటే రెట్టింపు. ఏడు రేకుల కటకం 14 కిరణాలను చూపుతుంది. వీధి దీపాన్ని రాత్రిపూట తీసిన ఫోటోలో విద్యార్థులు ఈ లెక్కను సరిచూసుకోవచ్చు. రవ్వకు ఆపాదించిన ఆ వైభవంలో వీధి దీపానికి కూడ వాటా ఉన్నదన్నమాట.

రవ్వకు ఇట్టి అరువు సొమ్ము అవసరమే లేదు. వజ్రపు వక్రీభవన గుణకం 2.42, సందిగ్ధ కోణం సుమారు 24 డిగ్రీలు. మామూలు గాజుకు ఆ కోణం దాదాపు 42 డిగ్రీలు. అందువలన వజ్రంలోనికి దిగిన కాంతి సులభంగా వెనుకవైపుకు జారిపోదు. సానపట్టిన ముఖాలపై సంపూర్ణాంతర పరావర్తనం చెంది, రంగులుగా విడివడి, చూచేవాని వైపుకే తిరిగి వస్తుంది. అయితే ఆ రంగులు విడిగా కనబడాలంటే వెలుగు ఒక చిన్న బిందువు నుంచి రావాలి, చుట్టూ కొంత చీకటి ఉండాలి. నాలుగు వైపుల నుంచీ తెల్లని వెలుగు ముంచెత్తితే, ఒక ముఖం పంపే ఎరుపు మరొక ముఖం పంపే నీలంతో కలిసి తెల్లబడుతుంది. రవ్వ పటికబెల్లం ముక్కవలె చచ్చువడుతుంది.

బంగారం స్వభావం సరిగా దీనికి ఎదురు. బిందువు వంటి దీపం కింద అది కొన్నిచోట్ల కళ్లు చెదిరే తెలుపుగా, మిగిలినచోట్ల నలుపుగా విరిగిపోతుంది. దానికి విశాలమైన మెత్తని వెలుగు కావాలి. టాల్బట్ పింగాణీ, గాజుల తగవు ఇక్కడ మళ్లీ తల ఎత్తింది. రాజీ వెలుగుతో తీసిన ఒక్క బొమ్మ రెండింటికీ అన్యాయమే చేస్తుంది. న్యాయమైన మార్గం రెండు బొమ్మలు తీయడమే: బంగారానికొకటి, రాళ్లకొకటి. ఇంత చిన్న సంగతిని చిత్రకారులు గ్రహించలేదనుకోరాదు. కొనేవానికి ఒక్క చూపులో అన్నీ అందాలన్న వ్యాపార ధర్మమే దీనికి అడ్డు.

ముత్యాలు ఈ విషయంలో అమాయకమైనవి. తీసినవాని గుట్టును దాచవు. ప్రతి ముత్యం మీద దీపపు ఆకారం ముద్రపడి ఉంటుంది. కిటికీ వెలుగైతే చదరం, కటకం చుట్టూ బిగించిన వలయ దీపమైతే ఉంగరం. పత్రికలోని ముత్యాల హారం బొమ్మను భూతద్దంతో చూచి, ఎన్ని దీపాలు వాడారో, అవి ఏ ఆకారంవో చెప్పమంటే తరగతికి మంచి అభ్యాసం అవుతుంది.

ప్రదర్శనశాలల పుస్తకాలు ఇంతకంటె నిజాయితీ గలవి. పసుపు అట్టల పని వాటిలో అరుదు. కొలతలు కూడ ఇస్తారు. కాని నల్ల మఖమలు మీది మోజు వాటిని వదలలేదు. అద్దం వంటి బంగారపు అంచుల్లో ఆ నలుపే ప్రతిఫలించి, నగ ఎక్కడ ముగిసి బట్ట ఎక్కడ మొదలైనదో తెలియకుండా పోతుంది. వెనుకవైపు చూపేవి తక్కువ. ఉత్తరాది రాచనగలలో వెనుకవైపున మీనా పని చేయడం వాడుక. ముందు వైపు మాత్రమే చూపిన పుస్తకం సగం నగనే చూపినట్లు. కొలతలు కింద అక్షరాలలో ఉంటే చాలదు. 1995లో భారత ప్రభుత్వం కొన్న నిజాం నగలలో జేకబ్ వజ్రం ఒకటి. దాని బరువు 184.75 కారెట్లు, అనగా దాదాపు 37 గ్రాములు. పొడవు సుమారు 4 సెంటీమీటర్లు. స్కేలు లేకుండా అచ్చయినచోట అదీ, వేలి ఉంగరంలోని రవ్వా కంటికి ఒకటే.

ఇంటి ఫోటోల సంగతి అన్నింటికంటె విచారకరం, ఎందుకనగా అవసరం వచ్చేది వాటితోనే. నగ పోయిన రోజున చాలా కుటుంబాల వద్ద మిగిలే ఆధారం పెండ్లి ఫోటో. అందులో చంద్రహారం సగం పమిట కింద ఉంటుంది. మిగిలిన సగం ఫ్లాషు వెలుగులో తెల్లని మరక. ఫోనుతో విడిగా తీసినప్పుడైనా మరీ దగ్గరకు పోవడం వలన ఆకారం చెడుతుంది. 6 సెంటీమీటర్ల కంకణాన్ని బల్లపై పడుకోబెట్టి, ముందు అంచుకు 10 సెంటీమీటర్ల దూరం నుంచి వాలుగా తీస్తే, వెనుక అంచు దూరం 16 సెంటీమీటర్లు. ముందు వైపు వెనుక దానికంటె 1.6 రెట్లు లావుగా పడుతుంది. అదే అర మీటరు నుంచి తీస్తే ఆ నిష్పత్తి 1.12 మాత్రమే. కనుక దూరం జరిగి, బొమ్మను పెద్దది చేసుకోవడం మేలు.

దగ్గరగా తీసేందుకే చేసిన కటకం ఉంటే ఈ పని సుఖమే, కాని దానికీ కష్టాలున్నవి. వస్తువు ఎంతో ప్రతిబింబమూ అంతే పడాలంటే, పాఠ్యపుస్తకంలో చెప్పినట్లు, ప్రతిబింబ దూరం నాభ్యంతరానికి రెట్టింపు కావాలి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగవ వంతు అవుతుంది. ఆ స్థితిలో 36×24 మిల్లీమీటర్ల ఫలకం గల కెమేరాను ఎఫ్/16 వద్ద ఉంచినా స్పష్టంగా కనబడే మందం 2 మిల్లీమీటర్లు. జడబిళ్ల మీది బొడిపె ఒక్కటి అంతకంటె ఎత్తుంటుంది. ద్వారాన్ని ఇంకా చిన్నది చేస్తే వివర్తనం వలన బొమ్మ అంతా మసకబారుతుంది. ఫోనులోని ఫలకం చిన్నది కనుక దానికి ఈ బాధ తక్కువ. ధ్రువణ ఫలకం పెడితే తళుకు పోతుందన్న సలహా గాజుకు, రాళ్లకు వర్తిస్తుంది. లోహపు తళుకు దానికి లొంగదు.

ఖరీదైన సామగ్రి లేకనే మంచి బొమ్మ వస్తుంది. ఎండ నేరుగా పడని కిటికీకి ట్రేసింగు కాగితం అంటించి, దాని పక్కన బూడిదరంగు అట్టమీద నగను పెట్టాలి. ఎదురుగా ఒక తెల్ల అట్ట. అంచులు తేలిపోతుంటే నగ పక్కన సన్నని నల్ల కాగితపు ముక్క నిలిపితే అంచు వెంట ఒక నల్ల గీత పడి ఆకారం తేరుతుంది. కెమేరాను పుస్తకాల దొంతరపై కదలకుండా ఉంచాలి. రెండవ బొమ్మకు కిటికీ మూసి, చిన్న టార్చిలైటును దూరంగా పట్టుకొంటే రాళ్లు పలుకుతాయి. మిల్లీమీటర్ల స్కేలును బల్లపై గాక నగ ముఖం ఎత్తుకు లేపి పెట్టాలి. లేకపోతే కొలత తప్పుతుంది.

2021 నుంచి హాల్‌మార్కు బంగారు నగలపై అక్షరాలు, అంకెలు కలిసిన 6 గుర్తుల సంకేతం వేస్తున్నారు. ఒక్కొక్క నగకు అది వేరు. కంటికి ఆననంత చిన్న ఆ చెక్కుడు, టార్చిని దాదాపు నగ మట్టానికి వంచి పక్కనుంచి వేస్తే, గీతల నీడలతో తేలికగా చదవవస్తుంది. ఎదురు ఫ్లాషులో అదే మాయమైపోతుంది.

కళాఖండాల దొంగతనాలను ఎదుర్కోవడానికి 1997లో వెలువడిన ‘ఆబ్జెక్ట్ ఐడీ’ అనే అంతర్జాతీయ పద్ధతి మొదట అడిగేది ఫోటోలే. ఆపైన పదార్థం, కొలతలు, గుర్తులతోపాటు ఆ వస్తువును అట్టి ఇతర వస్తువుల నుంచి వేరుచేసే లక్షణాలేమిటని అడుగుతుంది. నొక్కు, మరమ్మతు, వంకర అన్నీ దానికి కావాలి. ప్రకటన ఫోటోలను దిద్దేవారు ముందుగా చెరిపేవి సరిగా ఇవే. కాసులపేరులో అరిగిపోయిన ఒక కాసు, కంసాలి మళ్లీ అతికించిన కొక్కెం మీది ఉబ్బెత్తు చుక్క - ఇంట్లో తీసే బొమ్మలో వీటిని మధ్యకు తెచ్చి, మరొకమారు దగ్గరగా తీసి ఉంచాలి.