విదేశ విద్యార్థి పునరాగమనము – మన సాహిత్యమున ఇంటివారి స్థానము

చదువుకై విదేశమునకు వెళ్ళిన తెలుగువాని కథ మన సాహిత్యమున కొరవడలేదు. వాడు ఓడ యెక్కుట, చలికి వడకుట, తెలియని భాషలో తడబడుట, తెలియని మర్యాదలకు తలయొగ్గుట మొదలగునవి విపులముగనే వర్ణింపబడినవి. చదువు ముగించుకొని, ఏండ్లు గడచిన పిమ్మట, వాడు తన యింటి గడప త్రొక్కిన ఘట్టమును వెదకుడు. అచ్చట రచయిత కలము వేగిరపడును. కొన్ని కన్నీళ్ళు, ఒక విందు, ఆపై వివాహమో ఉద్యోగమో వచ్చి కథ ముందునకు సాగిపోవును. ఈ వేగిరపాటునకు కారణ మేమి? పునరాగమనమును మనవారు వచ్చినవాని కథగా మాత్రమే గ్రహించిరి. అందు సగమునకు పైగా ఇంట నిలిచినవారి కథ యని నా యభిప్రాయము. దానిని కొన్ని గ్రంథముల మూలమున పరిశీలించెదను.

మొదటి లక్ష్యము నన్నయ భట్టారకుని ఆదిపర్వముననే కలదు. బృహస్పతి కుమారుడైన కచుడు మృతసంజీవినీ విద్యకై రాక్షసగురువైన శుక్రుని కడకు వెళ్ళినాడు. విదేశ విద్య యన్న నిదియే. దీర్ఘకాలము గురుశుశ్రూష చేసినాడు. రాక్షసులు పలుమారు చంపిరి. దేవయాని పట్టుదలవలన మరల బ్రతికినాడు. తిరుగు ప్రయాణమునాడు ఆమె ప్రేమను నిరాకరించి, సాధించిన విద్య తనకు ఫలింపకుండునట్లు శాపము పొందినాడు. తనకు ఫలింపకున్నను తాను నేర్పినవారికి ఫలించునని బదులు చెప్పి వెడలినాడు. ఈ బదులు విదేశమున చదివివచ్చిన ప్రతి యుపాధ్యాయుడును జ్ఞాపక ముంచుకొనదగినది. అటుపిమ్మట కచుడు దేవలోకము చేరును, దేవతలు సంతసింతురు, విద్య వారికి సంక్రమించును, కథ మరల దేవయాని వెంట పోవును. కొడుకును శత్రుపురికి పంపి అంతకాలము ఎదురుచూచిన తండ్రి ముఖము మనకు కనబడదు. భారతకథ నడచుటకు యయాతి కావలెను గనుక కవిని తప్పుపట్టుట న్యాయము కాదు. అయినను, వచ్చినవానిని వాడు తెచ్చిన విద్యచేతనే కొలుచు అలవాటు మనకు ఎంత పూర్వపుదో దీనివలన తెలియుచున్నది.

వాల్మీకి మార్గము వేరు. రాముడు విద్యార్థి కాడు, వనవాసి. కాని ఇల్లు చేరుటను గూర్చిన సూక్ష్మ మంతయు ఆయన కథయందున్నది. పదునాలుగేండ్లు గడచినవి. భరద్వాజాశ్రమమున ఆగి, రాముడు నేరుగా అయోధ్యకు పోక, హనుమంతుని ముందుగా నందిగ్రామమునకు పంపును. తన రాక విన్నపుడు భరతుని ముఖవర్ణము, చూపు, మాట ఎట్లుండునో కనిపెట్టి రమ్మనును. భరతునిపై అనుమానమా యని కొందరు అడుగుదురు. నాకు అది అనుమానముగా తోచదు. నేను లేని యేండ్లలో నా యిల్లు కూడ ఎచ్చటికో పోయి యుండునను వివేకము అది. రాముని కన్న ముందు మనము భరతుని చూతుము: జటలు, నారచీర, పాదుకలు. ఆ దృశ్యము లేనిచో తరువాతి పట్టాభిషేకమునకు బరువు లేదు.

ఆధునిక కాలమున ఈ విషయమునకు ముఖ్య లక్ష్యము శ్రీ మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిష్టరు పార్వతీశము'. దీని మొదటి భాగము 1924 నాటిది. తక్కిన రెండు భాగములు పెక్కేండ్ల తరువాత వెలువడినవి. మొగలితుర్రు యువకుడు ఇంట చెప్పకుండ బయలుదేరి, మద్రాసు, కొలంబో మీదుగా సీమకు పోయిన ఆ మొదటి భాగమును చదివి నవ్వని తెలుగువాడుండడు. ఆడవారి టోపీని తనకై కొనుక్కొన్న ఆ బుద్ధిమంతుడు మన నిత్యసంభాషణలో సామెత యైనాడు. మూడవ భాగమున అతడు బారిష్టరై స్వదేశము చేరును, వివాహమగును, వృత్తి, స్వాతంత్ర్యోద్యమము అతనిని లాగుకొనును. ఆ భాగమును చదివినవారు తక్కువ. చదివినవారును మొదటి భాగమును చెప్పుకొన్నట్లు దానిని చెప్పుకొనరు. వయస్సు మీరిన రచయిత హాస్యము సన్నగిల్లినదని సామాన్యముగా అందురు. ఈ తీర్పు నాకు సమ్మతము కాదు.

కారణము కథన పద్ధతిలోనే యున్నది. ఈ నవల ఉత్తమ పురుషలో నడచును. చెప్పువాడు పార్వతీశమే. పోవునపుడు ఈ పద్ధతి బంగారము వంటిది; ఏమియు తెలియనివాడు తన తెలియమిని తానే గంభీరముగా చెప్పుచుండగా నవ్వు దానంతట అదియే పుట్టును. తిరిగివచ్చునపుడు అదే పద్ధతి అడ్డుగోడ యగును. ఇప్పుడతడు తెలిసినవాడు. తెలియనిది ఒక్కటే: తాను లేనపుడు ఆ యింట గడచిన కాలము. చెప్పక పోయిన కొడుకు పడక ఖాళీగా కనబడిన ఆ మొదటి యుదయమున తల్లి యేమి చేసినది? ఊరివారు అడిగినపుడు తండ్రి యేమని బదులు చెప్పినాడు? కథకుడు అచ్చట లేడు గనుక పాఠకుడును లేడు. పార్వతీశము ఎడింబరోలో చలిమంట కాచుకొను రాత్రులు మనకు తెలియును. మొగలితుర్రు వంటయింటి రాత్రులు అతని చెవిని పడినంతమేరకే తెలియును. శాస్త్రిగారి ప్రతిభకు కొరత లేదు. ఆయన ఎన్నుకొన్న కిటికీనుండి ఆ యిల్లు కనబడదు, అంతే. మూడవ భాగమును మొదటిదానితో పోల్చి నిట్టూర్చు విమర్శకులు ఈ సంగతిని గమనింపలేదు.

ఇంటివారు దాచిపెట్టునది యెంత గొప్పదో గాంధీమహాత్ముని ఆత్మకథ వలన తెలియును. 1888లో సీమకు వెళ్ళి, బారిష్టరై 1891లో బొంబాయి రేవున దిగినపుడుగాని తల్లి మరణవార్త ఆయనకు తెలియలేదు. పరదేశమున కుమిలిపోవునని అన్నగారు దానిని దాచియుంచిరి. ఆ వార్తను ఆయన ఎట్లు భరించెనో గ్రంథమున కలదు. తల్లి పోయిన యింట కూర్చుండి, ఆ మాట తప్ప తక్కిన మాటలన్నియు ఉత్తరమున వ్రాసిన అన్నగారి స్థితిని ఊహించుట పాఠకుని పాలబడినది.

ఐర్లండులో బారిష్టరు చదువు ముగించి 1916లో తిరిగివచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు మరియొక త్రోవ పట్టిరి. ఆయన తన ప్రయాణమును నవలగా వ్రాయలేదు. చెరసాలలో కూర్చుండి 'మాలపల్లి' వ్రాసిరి. అందు సీమనుండి వచ్చిన నాయకుడు లేడు. ఒక కొడుకు హతుడై, మరియొక కొడుకు ఇల్లు విడిచి అడవుల పాలుకాగా, నిలిచియున్న రామదాసు ఇల్లు కలదు. దూరము పోయివచ్చినవాని కన్ను ఇంటనున్నవానిమీద నిలిచిన అరుదైన సందర్భములలో ఇది యొకటి. ఆ గ్రంథమును సంఘసంస్కరణ దృష్టితోనే చదువుట మనకు అలవాటైనది. ఎదురుచూచు తల్లిదండ్రుల కథగా కూడ చదువవచ్చును.

ఇక మన సీమ మాట. తొండేభావి యున్న గౌరిబిదనూరు తాలూకాలోనే హోసూరు గ్రామము కలదు. 1920లో అచ్చటి పేద కుటుంబమున పుట్టిన డాక్టరు హెచ్. నరసింహయ్యగారు ఉన్నత పాఠశాల చదువుకై కాలినడకన బెంగుళూరు చేరినవారు. క్విట్ ఇండియా ఉద్యమమున చెరసాల చూచినవారు. అమెరికాలోని ఓహయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున అణుకేంద్ర భౌతికశాస్త్రము చదివి 1960లో డాక్టరేటు పొందిరి. తిరిగివచ్చి, 1961లో బసవనగుడి నేషనల్ కాలేజికి ప్రిన్సిపాలైరి; 1972 నుండి 1977 వరకు బెంగుళూరు విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగా నుండిరి; వివాహము చేసికొనక, 2005లో మరణించువరకు విద్యార్థుల వసతిగృహమునే ఇల్లుగా చేసికొనిరి. నేషనల్ విద్యాసంస్థలు బాగేపల్లి, గౌరిబిదనూరులకు వచ్చుటలో ఆయన చేయి కలదు. సంపాదించిన విద్య తనకన్న తాను నేర్పినవారియందు ఫలించుటకు మన కండ్లెదుటి దృష్టాంత మిది. కచుని బదులు ఇచ్చట శాపము లేకయే నెరవేరినది. ఆయన ఆత్మకథ 'హోరాటద హాది' కన్నడమున కలదు. ఆయన పేరు తలచినపుడు మనము చెప్పుకొనునవి పదవులు, సంస్థలు, మహిమలపై ఆయన జరిపిన వాదములు. ఓహయోనుండి వచ్చినవానిని హోసూరు వీధి యెట్లు చూచినదో ఎవరును చెప్పుకొనరు. పోరాటము పదిమందిలో జరుగును గనుక గ్రంథమునకు ఎక్కును. నడవలో కూర్చుండి ఎదురుచూచుట ఎక్కదు.

ఇది కేవలము గ్రంథచర్చ కాదు. నేడు మా పల్లెలనుండి జర్మనీకి, అమెరికాకు పోవు పిల్లలు కలరు. ఇంట తెలుగు, బడిలో కన్నడము, ఆపై ఆంగ్లము వారి చదువు మెట్లు. బడిలో నొకసారి, దూరదేశమునుండి వచ్చిన బంధువును గూర్చి వ్యాసము వ్రాయుమంటిని. ఒక బాలిక పెదనాన్న కొడుకు ఐదేండ్లకు వచ్చినాడట. విమానము, పెట్టెలు, చాక్లెట్లు రెండు పంక్తులలో ముగించినది. తక్కిన పుట యంతయు అవ్వను గూర్చియే. అవ్వకు చూపు తగ్గిన సంగతి అన్నకు ఎవరును చెప్పలేదు. ఫోను తెరమీద ఆమె ప్రతి ఆదివారము నవ్వుచు కనబడుచునే యుండెను. తెర ఎటున్నదో తాము ఆమె గడ్డము పట్టి త్రిప్పెడివారమని వ్రాసినది. అన్న వచ్చిననాడు అవ్వ అతని ముఖమును చేతులతో తడవి, చిక్కినావనినదట. అన్నకు అప్పుడు తెలిసినది. అక్షరదోషములు పదునేడు దిద్దితిని. అయినను, పైన చెప్పిన పెద్ద గ్రంథములలో నాకు దొరకని కిటికీ ఆ పిల్ల వ్రాతలో దొరికినది.

ఆ అన్నకు తెలుగు మాట వచ్చును, తెలుగు లిపి రాదు. ఇది మా సీమలో వింత కాదు. చింతామణి తాలూకా కైవారము తాతయ్య తెలుగు కీర్తనలను కన్నడ లిపి పుస్తకములు చూచి పాడు భజన మండలులు ఎన్నియో కలవు. కావున ఈ సంఘమువారికి ఒక విన్నపము. కొడుకులు, మనుమలు దూరమున నున్న యిండ్లకు పోయి, అవ్వలు, తాతలు చెప్పు మాటలను వారు చెప్పినట్లే వ్రాయించుడు. గ్రాంథికము చేయకుడు, సంగటి, కయ్య, దొడ్డి వారి నోట నున్నట్లే యుండనిండు. వ్రాయు పిల్లకు తెలుగు లిపి రానిచో కన్నడ లిపిలోనే వ్రాయనిండు. తెలుగులోనికి ఎత్తి వ్రాయు పని మావంటి ఉపాధ్యాయులకు ఒక వేసవి సెలవుల పని.