నక్షా బాటల మీద సైకిల్

పొద్దు పొడవక ముందే సంస్థాన్ నారాయణపురం దాటి, రాచకొండ గుట్టల వైపు పోయే మట్టిబాట మీద ఒక గౌడన్న ఎదురొచ్చాడు. వెనక క్యారియర్‌కు రెండు పక్కలా కల్లు కుండలు, హ్యాండిల్‌కు చుట్టిన మోకు. బాటంతా పిడికిలంతేసి రాళ్లు తేలి ఉన్నాయి. నేను అప్పటికే దిగి సైకిల్ నడిపిస్తున్నాను. ఆయన దిగలేదు. తొక్కుడు ఆపకుండా, హ్యాండిల్ బిగపట్టకుండా, రాళ్ల సందుల్లో నీళ్లు దారి వెతుక్కున్నట్టు దాటిపోయాడు. కుండలోంచి చుక్క తొణకలేదు.

ఆయన తొక్కింది మనందరం ఎరిగిన పెద్ద నల్ల సైకిలే. చక్రం 28 అంగుళాలు, టైరు వెడల్పు ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్లు. ఈ కొలత గుర్తుంచుకోండి. కంకరబాటల కోసమని ఇవాళ ప్రపంచమంతా అమ్ముతున్న ‘గ్రావెల్’ సైకిళ్ల టైర్లు కూడా దాదాపు ఇంతే, నలభైకి అటూ ఇటూ. వంకర హ్యాండిల్, తేలికపాటి ఫ్రేము, డిస్క్ బ్రేకులు కొత్తవి కావచ్చు. మట్టిబాటకు ఎంత వెడల్పు టైరు కావాలో పాలమూరు పాలవాడికీ నల్లగొండ గీత కార్మికుడికీ ఎప్పుడో తెలుసు. నిజానికి ఆ నల్ల సైకిల్ పుట్టిల్లు ఇంగ్లండ్. బర్మింగ్‌హామ్ హెర్క్యులిస్ సైకిల్‌ను 1949లో మొదలైన టీఐ సైకిల్స్ మద్రాసు దగ్గర తయారు చేసింది. అట్లాస్, హీరో తర్వాత వచ్చాయి. తారు పడని ఇంగ్లిషు పల్లెబాటల కోసం రూపుదిద్దుకున్న బండి, తారు పడని మన బాటల మీద ఇంకో రెండు తరాలు బతికింది.

ఈ తొక్కుడు ఒక విద్య. పుస్తకాల్లో లేదు, పొట్టకూటి కోసం రోజూ తొక్కేవాళ్ల కాళ్లలో ఉంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు కాళ్ల కింది నేల తెలియాలి.

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చాలా భాగం కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. గుట్ట మీద అది పరుపుబండగా, గుండ్లుగా కనిపిస్తుంది. ఎండకూ వానకూ చితికి కింద మొరం అవుతుంది. మొరం ఇంకా నలిగి వాలు మీద ఎర్ర చెల్క అవుతుంది. అన్నిటికంటే కింద, చెరువు పక్కన, నల్లరేగడి. గుట్ట నుంచి చెరువు దాకా ఏ ఊళ్లో చూసినా దాదాపు ఇదే వరస. అందుకే ఇక్కడ సైకిల్ తొక్కేవాడు బాట రంగు చూసి కాళ్లకు పని చెప్తాడు.

పరుపుబండ మీద చక్రం పరుగెత్తుతుంది, రాత్రి మంచుకు తడిస్తే మాత్రం జారుతుంది. మొరం మీద ఒక చిన్న వాన పడితే అంతకంటే మంచి బాట లేదు. ఇనుప గుణమున్న ఆ ఎర్రమట్టి గట్టిగా పట్టుకుని, తారు రోడ్డులా మోగుతుంది. అదే మొరం వైశాఖంలో పైపొర విడిపోయి గోళీల మీద నడిచినట్టుంటుంది. రేగడి ఎండలో పగుళ్లు, వానలో బంక. నాలుగు చుట్లు తిరిగేసరికి మడ్‌గార్డు నిండా మట్టి కూరుకుపోయి చక్రం ఆగిపోతుంది. అప్పుడు పుల్లతో గీకడం, సైకిల్ భుజానికెత్తుకోవడం తప్ప దారి లేదు. వానాకాలంలో గెట్టు మీది బాట, ఎండాకాలంలో చెరువు శిఖం బాట పట్టాలని పెద్దలు చెప్పేది అందుకే.

ఇక తొక్కే తీరు. దుబ్బలో చక్రం దిగబడితే మన చేతులు వాటంతట అవే బ్రేకు మీదికి పోతాయి. అక్కడే పడిపోతాం. దేవరకొండ వైపు ఒక వాగు ఇసుకలో రెండుసార్లు పడ్డాక, ఒడ్డున మేకలు కాస్తున్న పెద్దాయన అన్నాడు: “ఇసుకల బిరేక్ పట్టకు బిడ్డా. దూరం సూడు, తొక్కుతనే ఉండు.” చూపు ముందు చక్రం మీద కాకుండా పది గజాల అవతల పెట్టగానే సైకిల్ తనంతట తాను నిలబడింది. ముందు చక్రం కొంచెం అటూ ఇటూ ఊగితే ఊగనివ్వాలి. దానితో కొట్లాడకూడదు. ఒంటి బరువు వెనక్కి జరపాలి, మోచేతులు వదులుగా ఉంచాలి.

బండి గాడిలో పోవాలా, నడుమ పోవాలా అన్నది ఇంకో లెక్క. ఎడ్లబండ్లు నడిచిన రోజుల్లో గాడి గట్టిగా ఉండేది, నడుమ ఎడ్ల గిట్టల గుంతలు. ట్రాక్టర్లు వచ్చాక గాడిలో మెత్తని దుమ్ము చేరింది. ఇప్పుడు నడిమి దిబ్బే నయం. అంచున గడ్డి పచ్చగా కనిపించినా అటు పోకూడదు, పల్లేరు కాయలు ఉండేది అక్కడే. పల్లేరు, తుమ్మ, సర్కారు తుమ్మ: ఈ మూడు ముండ్లు తప్పించుకున్న టైరు ఈ జిల్లాల్లో లేదు. ముల్లు దిగితే వెంటనే పీకొద్దంటాడు పంచర్ దుకాణం ఆయన. ముల్లే కొంతసేపు ఆ బొర్రకు బిరడా. గాలిపంపు దొరికే దాకా దాన్ని అట్లాగే ఉండనివ్వాలి. గాలి కూడా రాయిలా కొట్టించకూడదు. బరువు మోసే వెనక చక్రం గట్టిగా, ముందుది వేలితో నొక్కితే కొంచెం లొంగేట్టు ఉండాలి.

బరువు కట్టడంలో గౌడన్నలను మించినవాళ్లను నేను చూడలేదు. కుండలు ఎంత కిందికి వేలాడితే సైకిల్ అంత నిలకడ. రెండు పక్కలా సమానంగా ఉండాలి. కల్లు పొంగుతుంది కాబట్టి మూతి బిగించరు, ఆకో పీచో అడ్డం పెడతారు. సుదూర ప్రయాణాలకు సంచులు కట్టుకునే కుర్రాళ్లు ఈ ఒక్క సూత్రం కోసం ఎన్నో వీడియోలు చూస్తున్నారు. పక్కూరి తాటివనం దాకా పోతే చాలు.

చెరువు కట్టలు ఈ బాటల్లో నాకు అన్నిటికంటే ఇష్టం. పానగల్లు దగ్గర కందూరు చోడుల నాటి ఉదయసముద్రం కట్ట ఎక్కితే ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క వరి మడులు, ఆ మడుల నడుమ ఛాయా సోమేశ్వరాలయం. కట్ట ఎప్పుడూ మట్టంగా ఉంటుంది కాబట్టి కాళ్లకు విశ్రాంతి. మత్తడి దగ్గర మాత్రం దిగాలి. నీళ్లు పారే రాతి మీద నాచు ఉంటుంది, దాని ముందు ఎంత గొప్ప టైరూ పనికిరాదు. సీతాఫలాల కాలంలో బాలానగర్ వైపు, మోదుగులు పూసే వేళ కోయిలకొండ వైపు పోయిరండి. దసరా నుంచి శివరాత్రి దాకా ఈ నేల సైకిల్‌ను చేతులు చాచి పిలుస్తుంది. తర్వాత పొద్దున ఎనిమిదింటికల్లా నీడ చేరాల్సిందే.

ఇంగ్లండ్‌లో మట్టిబాటల మీద సైకిల్ తొక్కే సరదా వెనక చట్టాలు ఉన్నాయి. 1949 చట్టం జనం నడిచే బాటలన్నిటినీ పటాలకెక్కించమంది. 1968 చట్టం గుర్రపు బాటల మీద సైకిళ్లకూ హక్కునిచ్చింది, నడిచేవాళ్లకూ గుర్రాలకూ దారి ఇవ్వాలన్న షరతుతో. కరుకుబాటల మీద తిరగడానికే 1955లో లెమ్‌స్టర్ పట్నంలో రఫ్ స్టఫ్ ఫెలోషిప్ అనే సంఘం పుట్టింది. 2020లో వించెస్టర్ నుంచి చుట్టు తిరిగి మళ్లీ అక్కడికే చేరే 350 కిలోమీటర్ల ‘కింగ్ ఆల్ఫ్రెడ్స్ వే’ను ప్రారంభించారు. అందులో కొంత భాగం వేల ఏళ్లుగా మనుషులు నడిచిన బాటలే. పొలం ప్రైవేటుదే, బాట అందరిదీ.

మనకూ పటం ఉంది. నిజాం కాలపు సర్వేతో దాదాపు ఊరూరికీ నక్షా తయారైంది. పొలాల సర్వే నంబర్ల నడుమ బండ్లబాటలు అందులో గీసి ఉన్నాయి. బాట మీద తగాదా వస్తే పెద్దమనుషులు మొదట అడిగే మాట ఇప్పటికీ “నక్షాల ఉన్నదా?” అనే. కానీ మోటారు సైకిళ్లు తారు రోడ్డెక్కాక, బండ్లు మూలపడ్డాక, ఆ బాటల మీద నడిచేవాళ్లు తగ్గారు. నడక తగ్గినచోట ముందు కంప మొలుస్తుంది. తర్వాత పక్క గెట్టు ఒక నాగలి చాలు జరుగుతుంది. ఆ తర్వాత రాతి కడీలు. హైదరాబాద్ పెరిగే కొద్దీ చౌటుప్పల్, షాద్‌నగర్ వైపు ఈ కడీల వరసలు ఏటా ముందుకొస్తున్నాయి. వారానికి ఒక్క సైకిల్ పోయినా బాట బాటగా కనబడుతుంది. నేను ఈ తొక్కుడును వ్యాయామం కంటే, విహారం కంటే పెద్ద పనిగా చూసేది ఈ కారణానికే.

మొన్న మాఘంలో అట్లాంటి ఒక బాట మీద పోతుంటే నడుమ కడీలు, తీగ కంచె ఎదురయ్యాయి. ఫోన్లో నక్షా తెరిచి చూశాను. బాట నేరుగా కంచె లోపలికే పోతోంది. వెనక్కి తిప్పబోతుంటే, మేకల వెంట ఒక అవ్వ వచ్చింది. నన్నూ సైకిల్‌నూ ఒకసారి చూసి, చేతి కర్రతో కింది తీగను పైకెత్తి పట్టుకుంది. మేకలు ముందు దూరాయి.

“నువ్వు గూడ పో బిడ్డా. మా అత్తగారింటికి నేను బండిల వచ్చింది గీ బాటనే.”