19 సెకన్ల గురి

ఇస్మాయిల్‌ఖాన్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో ఓడీఎఫ్ అంటే తెలియనివాళ్లు ఉండరు. 1984లో ఎద్దుమైలారంలో పెట్టిన ఆయుధ కర్మాగారం అది. సైన్యం వాడే బీఎంపీ-2 ‘సారథ్’ యుద్ధ వాహనాలు అక్కడే తయారవుతాయి. ఆ వాహనం మీంచి వదిలే కాంకుర్స్ క్షిపణి కూడా ఈ చుట్టుపక్కలదే. పటాన్‌చెరు దగ్గర భానూరులో భారత్ డైనమిక్స్ (బీడీఎల్) చేస్తుంది. ఇక ఆ వాహనం మీద క్షిపణి గురి నేర్పే సిమ్యులేటర్ హైదరాబాద్‌లో 1993లో మొదలైన జెన్ టెక్నాలజీస్ పని. బండికీ క్షిపణికీ వచ్చిన పేరు ఈ మూడోదానికి రాలేదు. పనితనం చూస్తే రావాలి.

కాంకుర్స్ 4 కిలోమీటర్ల దాకా పోతుంది. అంత దూరం చేరడానికి దాదాపు 19 సెకన్లు. వెనకాల సన్నటి తీగ విప్పుకుంటూ ఎగురుతుంది. దారి సరిదిద్దే సంకేతాలు ఆ తీగలోంచే వెళ్తాయి. అంటే క్షిపణి వదలడంతో గన్నర్ పని అయిపోదు, అప్పుడే మొదలవుతుంది. కదిలే ట్యాంకు మీద గురి గుర్తును అంతసేపూ నిలిపి ఉంచాలి. ఈ సాధన అసలు క్షిపణులతో చేయించాలంటే ఏ సైన్యమూ ఖర్చు భరించలేదు. అందుకే సిమ్యులేటర్ తెర.

ఈ తెరకు వీడియోగేములతో చుట్టరికం ఉంది. 1980లో అటారీ కంపెనీకి ఎడ్ రోట్‌బర్గ్ ‘బ్యాటిల్‌జోన్’ అనే ట్యాంకుల ఆట చేశాడు. అమెరికా సైన్యం దాన్ని బ్రాడ్లీ వాహన గన్నర్ల శిక్షణకు మార్చమంది. బ్రాడ్లీ అంటే మన సారథ్‌కు అమెరికా జోడీ. ఆ శిక్షణ యంత్రం నమూనా దశ దాటలేదు గానీ, చేసిన మార్పుల్లో అసలు విద్య ఉంది. ఆటలో సూటిగా పోయే గుండు, ఇక్కడ దూరాన్ని బట్టి కిందికి వంగేది. బండిని ఇష్టమొచ్చినట్టు తిప్పే సరదా తీసేశారు, టరెట్ ఒక్కటే తిరిగేది. ఆట ఆడేవాణ్ణి మురిపిస్తుంది. సిమ్యులేటర్ చేసేవాడు ఆ మురిపెం వదులుకోవాలి, అదే కష్టం.

రైఫిల్ సిమ్యులేటర్లలో ఆ నిక్కచ్చితనం కళ్లకు కడుతుంది. గొట్టానికి చిన్న లేజర్ అమరుస్తారు. తెర మీద పడే దాని చుక్కను కెమెరా పట్టుకుని, గురి చూసినంతసేపూ అది తిరిగిన దారిని గీతగా దాచిపెడుతుంది. ట్రిగ్గర్‌ను మెల్లగా నొక్కకుండా గుంజినవాడి గీత చివర్లో పక్కకు జారుతుంది. ఊపిరి నిలపనివాడి గీత పైకీ కిందికీ ఊగుతుంది. మామూలు రేంజ్‌లో తూటా ఎక్కడ తగిలిందో కాగితం చెబుతుంది. ఎందుకు తప్పిందో ఉస్తాద్ ఊహించి చెప్పాలి. ఇక్కడ ఉస్తాదూ జవానూ పక్కపక్కన నిలబడి ఆ తప్పును చూస్తారు. ఎవరినీ చిన్నబుచ్చకుండా తప్పు చూపించే ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది.

క్షిపణి సంగతికొస్తే, వదలగానే పొగ, దుమ్ము లేస్తాయి. లక్ష్యం క్షణకాలం కనపడకపోవచ్చు. అప్పుడు కంగారుపడి గురి కదిపితే అంతే. తెర మీద ఆ పొగ లేకపోతే బొమ్మ ఎంత అందంగా ఉన్నా శిక్షణకు పనికిరాదు. చెట్లూ కొండలూ చక్కగా గీయడం కన్నా ఆ పొగను సరైన క్షణంలో లేపి, సరైన క్షణంలో తీసేయడమే గొప్ప పని. ప్రాణభయాన్ని మాత్రం ఏ తెరా తేలేదు. అది తెలుసు కాబట్టే, సిమ్యులేటర్లు ఎంత పెరిగినా సైన్యం అసలు ఫైరింగ్ మానలేదు.