వక్ఫు: మాటయు, కాగితమును

దానము చేయువాడు ఒక్కనాడు చేయును. దానిని కాపాడవలసినవారు తరతరములు కాపాడవలసియుందురు. మన ప్రాచీన దానశాసనములలో భూమి యెల్లలు చెప్పిన పిమ్మట, ఆ భూమిని హరించువారికి కలుగు పాపమును వర్ణించు శ్లోకములు తరచుగా కానవచ్చుట కిదియే కారణము. దాతకు తన వంశమువారియందుగాని, రాబోవు రాజులయందుగాని పూర్తి నమ్మకము లేదు. ఈ భయము హిందువులకు మాత్రమే కలిగినది కాదు. మహమ్మదీయ ధర్మశాస్త్రమునందలి వక్ఫు ప్రకరణమంతయు ఈ భయమునుండి పుట్టినదే యని మాకు తోచుచున్నది.

నవాబుపేటలో మా పొరుగున నుండు ఒక వృద్ధురాలు కొంతకాలము క్రిందట తన మనుమనిని వెంటబెట్టుకొని వచ్చి, మడతలు చీలిపోయిన కాగిత మొకటి మా చేతి కిచ్చినది. "పంతులుగారూ, ఇది మా తాతలనాటి కాగితం. ఆ చెలక దర్గాకు రాసిచ్చిన్రో, మాకు రాసిచ్చిన్రో, జర చదివి చెప్పుండ్రి" అని యడిగినది. కాగితము ఉర్దూ గొలుసుకట్టు వ్రాతలో నున్నది. సంస్కృతమును, ఇంగ్లీషును చదువుకొన్న మాకు అందులో ఒక్క యక్షరమైనను తెలియలేదు. ఇంగ్లీషు బడిలో చదువుచున్న ఆ పిల్లవానికిని తెలియలేదు. ఆమె కుమారులు చెలకను అమ్మదలచినారట. అది తమదా, దైవమునదా అను సంగతి తేలవలెను. ఆ సిగ్గుతోనే మేమీ విషయమును గూర్చి చదువ నారంభించితిమి.

వక్ఫు అను అరబీ మాటకు నిలుపుట యని యర్థము. ఖైబరులో తనకు లభించిన మేలైన భూమిని ఏమి చేయవలెనని ఉమరు అడుగగా, మూలమును నిలిపి ఫలమును ధర్మమున కియ్యవలసినదని ప్రవక్త ఉపదేశించినట్లు హదీసులు తెలుపుచున్నవి. అట్టి భూమి అమ్మరాదు, మరియొకరికి ఈయరాదు, వారసులు పంచుకొనరాదు. ఈ మూడు నిషేధములును వక్ఫునకు ప్రాణము. ఇక ఆస్తి యెవరిదను ప్రశ్నలో హనఫీ శాస్త్రజ్ఞులకు భేదము కలదు. స్వామ్యము దాతయందే నిలుచునని అబూ హనీఫా మతము. అది దైవమునకు చేరునని ఆయన శిష్యులైన అబూ యూసుఫ్, ముహమ్మద్ అనువారల మతము. మన దేశపు న్యాయస్థానములు శిష్యుల మతమునే గైకొన్నవి. చూచుకొనువానికి ముతవల్లీ యని పేరు. వానికి పోషణభారము కలదు గాని స్వామ్యము లేదు.

ఇంగ్లీషు న్యాయవాదులు దీనిని ట్రస్టు అనిరి. మాటకు మాట దొరకినంతమాత్రమున అర్థము దొరకదు. ట్రస్టీ చట్టరీత్యా ఆస్తికి యజమానుడే. ఇతరుల లాభమునకై దానిని వహించును. ముతవల్లీ యన్ననో ఏనాడును యజమానుడు కాడు. మద్రాసు రాజధానినుండి వెళ్లిన విద్యావారుథితీర్థ వ్యాజ్యమున 1921లో ప్రీవీ కౌన్సిలు ఈ భేదమును స్పష్టపరచినది. మఠాధిపతియు ముతవల్లీయు ఇంగ్లీషు భావమున ట్రస్టీలు కారని చెప్పిన ఆ తీర్పును వ్రాసినవారు సయ్యద్ అమీర్ అలీ. మఠమును వక్ఫును ఒక్క చోట నుంచి విచారించిన ఆ తీర్పు, రెండు మతములవారును చదువదగినది.

అయితే అదే కౌన్సిలు 1894లో అబుల్ ఫతా వ్యాజ్యమున వేరొక దారి తొక్కినది. బంగాళమున ఇద్దరన్నదమ్ములు తమ ఆస్తిని సంతతికి వక్ఫు చేసి, వంశము నశించినచో వితంతువులకును, అనాథలకును, పేదలకును చెందవలెనని వ్రాసిరి. పేదలకు లభించునది బహుదూరమున నున్న ఆశమాత్రమే గనుక ఈ వక్ఫు చెల్లదని కౌన్సిలు నిర్ణయించినది. తన కుటుంబమును పోషించుటయు పుణ్యకార్యమే యని కలకత్తా హైకోర్టులో అమీర్ అలీ అంతకుముందు ప్రకటించిన యభిప్రాయము వారికి రుచింపలేదు. ఇంగ్లీషువాని ధర్మభావముతో అరబీ మాటను తూచుట తప్పని మహమ్మదీయ విద్వాంసులు ఆందోళన సలిపిరి. తుదకు మహమ్మదాలీ జిన్నా తెచ్చిన బిల్లు 1913లో శాసనమై, తుదిఫలము పేదలకు గాని శాశ్వత ధర్మమునకు గాని చెందునట్లున్నచో సంతతి వక్ఫు చెల్లునని స్థాపించినది.

మాటకు న్యాయము జరిగినది, సంతోషమే. కాని లెక్కకు న్యాయము జరిగినదా? ముతవల్లీలు న్యాయస్థానమునకు ఆస్తి వివరములును లెక్కలును దాఖలు చేయవలెనని 1923లో మరియొక శాసనము వచ్చినది. దాత కుటుంబమువారు అనుభవించుచున్నంతకాలము సంతతి వక్ఫులను ఆ శాసనము మినహాయించినది. ఎచ్చట స్వార్థమునకు అవకాశ మెక్కువయో అచ్చటనే లెక్క యడుగకుండుట మాకు వింతగా నున్నది.

ఇందలి కష్టము గృహిణులు గ్రహింపవలెను. మహమ్మదీయ ధర్మము కూతురికి వారసత్వమున నిశ్చితమైన భాగ మిచ్చినది. ఆ భాగము కుమారుని దానిలో సగమే యైనను, తండ్రి మరణశాసనముచేత దానిని తీసివేయజాలడు. అట్టి కూతురిని విడిచి కుమారులనే పేర్కొని సంతతి వక్ఫు వ్రాసినచో, దైవనామముననే ఆమె భాగము పోవును. వక్ఫు కూతురిని రక్షించుటకును వ్రాయవచ్చును, వంచించుటకును వ్రాయవచ్చును. స్త్రీలతో గూడ వారసుల హక్కులకు భంగము కలిగించునట్లు సంతతి వక్ఫు ఉండరాదని 2025 నాటి సవరణ శాసనము చెప్పినది. ఆ శాసనమునందలి ఇతర విషయములలో ఎవరి యభిప్రాయ మేదైనను, ఈ ఒక్క నియమమును మేము మనసార మెచ్చుకొనుచున్నాము.

ఇక మన తెలుగునాటికి వత్తము. బ్రిటిషు శాసనములు నిజాము రాజ్యమున నడచినవి కావు. ఇచ్చట మతవ్యవహారముల శాఖ వేరుగా నుండెను. ఉమూరె మజహబీ యని దానికి పేరు. 1349 ఫసలీలో వెలువడిన ధర్మాదాయముల నిబంధన దేవాలయములకును మసీదులకును సమానముగా వర్తించినది. ఆనాటి దస్త్రములు చాలవరకు ఉర్దూలో నున్నవి. నేటి తగవులకు మూలము పెక్కుచోట్ల ఆ దస్త్రములయందే కలదు.

ఈ సంగతికి రెండు తీర్పులు నిదర్శనములు. 1998లో సయ్యద్ అలీ వ్యాజ్యమున సుప్రీముకోర్టు, ఒకసారి వక్ఫైనది ఎల్లప్పుడును వక్ఫే యనియు, ఇనాముల రద్దు శాసనము క్రింద పట్టా పొందినంతమాత్రమున ఆ స్వభావము పోదనియు తీర్పు చెప్పినది. రెండవది మణికొండది. 2016కు ముందు మా నవాబుపేటయు మణికొండయు ఒక్క రంగారెడ్డి జిల్లాలోనివే. అచ్చట హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా కలదు. 1989 నాటి ప్రకటనలో ఆ దర్గాకు చూపబడినది కొన్నివేల చదరపు గజములు మాత్రమే. 2006లో తప్పుదిద్దుబాటు పేర మరియొక ప్రకటన వెలువడి, 1654 ఎకరముల 32 గుంటలు వక్ఫుగా చూపబడినవి. అప్పటికే ఆ భూమిలో పెద్ద పెద్ద సంస్థలకు ప్రభుత్వము స్థలము లిచ్చియుండెను. హైకోర్టు వక్ఫు బోర్డు పక్షమున తీర్పు చెప్పినను, 2022 ఫిబ్రవరి 7వ తేదీని సుప్రీముకోర్టు దానిని కొట్టివేసినది. ఆ భూమి జాగీరుగా నుండినదనియు, 1358 ఫసలీ నాటి జాగీరుల రద్దుతో ప్రభుత్వమునకు చేరినదనియు నిర్ణయించినది.

చదువరులు ఈ రెండు తీర్పులును పరస్పర విరుద్ధములని తలపవచ్చును. మాకు అట్లు తోచలేదు. ఒకసారి వక్ఫైనది ఎల్లప్పుడును వక్ఫే యను సూత్రము, మొదట వక్ఫైనదా యను ప్రశ్నకు సమాధానము చెప్పదు. సూత్రమునకు ముందు సాక్ష్యము కావలెను. దర్గాకు సేవచేయు షరతుపై ఒకని కిచ్చిన భూమి వేరు. భూమినే దర్గాకు సమర్పించుట వేరు. ఈ భేదము తెలియవలెనన్న సనదులోని మాటలే శరణ్యము. వక్ఫు పక్షమువారు సూత్రమును గట్టిగా వల్లించినంతగా దస్త్రములను సకాలమున వెలికి తీయకపోవుట వారి లోపము. పదునేడేండ్ల తరువాత వేయి యెకరములకు పైబడిన భూమి తప్పుదిద్దుబాటుగా ప్రత్యక్షమగుట ఏ న్యాయాధిపతికైనను అనుమానము కలిగింపక మానదు.

కాని ప్రభుత్వమునకును దోషములేదని చెప్పజాలము. భూమి స్వభావమును తేల్చకుండ దానిని పంచియిచ్చుట విజ్ఞుల పనికాదు. మరియు 2025 సవరణచేత, కాగితము లేకున్నను చిరకాల వినియోగమువలన వక్ఫగు పద్ధతి ఇకమీదట లేకుండ చేయబడినది. పూర్వమే నమోదైన వానికి, వివాదము గాని ప్రభుత్వభూమి యను మాట గాని లేనిచో, ఆ రక్షణ నిలిచియున్నది. 2025 సెప్టెంబరు 15వ తేదీని సుప్రీముకోర్టు మధ్యంతరముగా కొన్ని నియమములను నిలిపివేసినను, ఈ మార్పును నిలుపలేదు. కాగితమే ప్రమాణ మగుచో, ఆ కాగితమును చదువగల భాషలో ప్రజల కందించు బాధ్యత దస్త్రములను తనవద్ద నుంచుకొన్న ప్రభుత్వముపై నుండదా? పేదల శ్మశానమునకు సనదు నెవరు వ్రాయింతురు? దానిని వాడుకొన్న వారి సమాధులే దానికి సాక్షులు.

మేము కోరునది స్వల్పము. నిజామునాటి దస్త్రములకు ప్రతి మండలమునందును తెలుగు ప్రతులు దొరకవలెను. ముతవల్లీ ప్రతి సంవత్సరము ఉర్సునాడు జమాఖర్చులను ఊరివారి యెదుట చదువవలెను. దేవాలయ ధర్మకర్తలు నుత్సవదినములలో అట్లే చేయవలెను. మన దేవమాన్యముల లెక్కలు మనము అడుగక, పొరుగువారి లెక్కలను మాత్రము ప్రశ్నించుట న్యాయము కాదు.

ఆ వృద్ధురాలి కాగితమును పనివిడిచిన ఉర్దూ ఉపాధ్యాయు డొకరిచేత చదివించితిమి. చెలక ఫలసాయముతో దర్గాలో దీపము పెట్టవలెననియు, బాటసారులకు అన్నము పెట్టవలెననియు, ఆమె తాత దానిని చూచుకొనవలెననియు అందున్నది. చెలక నిచ్చట ఒకని కీయలేదు, దర్గాకే సమర్పించిరి. ఆమె కొంతసే పూరకుండి, "అయితే అది మాది కాదు, అమ్మొద్దని కొడుకులకు చెప్త. దీపం పెట్టక ఎన్నేండ్లయిందో" అనినది. ఆ కాగితమునకు తెలుగు ప్రతిని మేము మా చేతితో వ్రాసియిచ్చితిమి. మనుమడు దానిని రెండుసార్లు పైకి చదివినాడు.