నేలగూళ్ల కాపరి

బ్రిటన్ పల్లెసీమలోని పెద్ద ఎస్టేట్లలో గేమ్‌కీపర్ అనే ఉద్యోగి ఉంటాడు. యజమానీ అతని అతిథులూ కాల్చే పక్షులను పెంచడం, కాపాడడం అతని పని. అందుకే చాలామంది కళ్లకు అతను దొరల వినోదానికి పిట్టలను సిద్ధం చేసిపెట్టే నౌకరు. ఆ మాటలో అబద్ధం లేదు, కానీ అది సగం మాటే. అతను కాపాడే పార్ట్రిడ్జ్, గ్రౌస్, ఫెజెంట్ మూడూ నేల మీద గూడు పెట్టే పక్షులు. చెట్టు కొమ్మ మీది గూటికి ఉండే రక్షణ వాటికి లేదు. నక్క ముక్కుకి, కాకి కంటికి, దున్నే ట్రాక్టరుకి, కురిసే వానకి అవి ఒకేలా దొరికిపోతాయి. అలాంటి పక్షి ఏ నెలలో, దేనివల్ల చస్తుందో, ఏం చేస్తే బతుకుతుందో తరతరాలుగా ఒకే నేల మీద తిరిగి తెలుసుకున్న విద్య గేమ్‌కీపర్‌ది. వేట కోసం పుట్టింది కాబట్టి ఈ విద్య వేటతోపాటే పోవాలనడం పెద్ద నష్టానికి దారి తీస్తుందని నా వాదన.

ముందు పార్ట్రిడ్జ్ సంగతి చూద్దాం. బూడిదరంగు పార్ట్రిడ్జ్ మన కౌజుపిట్టల కుటుంబానిదే. పొలం గట్టున, కంచె మొదట్లో, గత ఏడాది ఎండిన గడ్డిలో గూడు కట్టుకుని పదిహేను దాకా గుడ్లు పెడుతుంది. వాటిని మూడున్నర వారాలు పొదగాలి. అన్ని రోజులు కదలకుండా కూర్చోవడమే దానికి ప్రాణాంతకం. సఫోక్‌లోని యూస్టన్ ఎస్టేట్ పేరుతో ప్రసిద్ధమైన ఒక పాత పద్ధతి ఈ చిక్కును ఎంత తెలివిగా ఎదుర్కొందో చూడండి. కీపర్ కంచెలన్నీ గాలించి గూళ్లు కనిపెట్టేవాడు. పెట్టిన గుడ్లు తీసి, వాటి స్థానంలో ఉత్తుత్తి గుడ్లు ఉంచేవాడు. అసలు గుడ్లను పొదుగు మీదున్న నాటుకోడి కింద పెట్టి, లోపలి పిల్ల పెంకును పొడవడం మొదలుపెట్టగానే తెచ్చి తల్లి గూట్లో ఉంచేవాడు. ఈలోగా నక్క గూటి మీద పడినా గుడ్లు దక్కేవి. పిల్లలు మాత్రం పుట్టడం తల్లి రెక్కల కిందే పుట్టి, పొలంలో బతకడం తల్లి దగ్గరే నేర్చుకునేవి. ఇదంతా చేయాలంటే వందల ఎకరాల్లో ఏ గూడు ఎక్కడుందో, దానిలో మొదటి గుడ్డు ఎప్పుడు పడిందో మనసులో ఉండాలి. ఆ జ్ఞాపకమే అతని చేతిలోని అసలు పనిముట్టు.

అయితే గుడ్లు పొదిగినంత మాత్రాన పిల్లలు బతకవు. 1968లో డిక్ పాట్స్ అనే శాస్త్రవేత్త ససెక్స్ కొండపొలాల్లో మొదలుపెట్టిన పరిశీలన ఈ విషయాన్ని తేల్చింది. పార్ట్రిడ్జ్ పిల్లకు మొదటి రెండు వారాలు పురుగులే తిండి. గోధుమ చేలో కలుపుమందు చల్లితే కలుపు పోతుంది, కలుపు మీద బతికే పురుగులు పోతాయి, వాటితోపాటు పిల్లలూ ఆకలితో చస్తాయి. ఇరవయ్యో శతాబ్దం రెండో సగం నుంచి బ్రిటన్‌లో ఈ పక్షి నూటికి తొంభై పాళ్లకు పైగా తగ్గిపోవడానికి ప్రధాన కారణాల్లో ఇదొకటి. దానికి విరుగుడుగా చేను అంచున కొన్ని మీటర్ల మేర మందు కొట్టకుండా వదలడం, పెద్ద చేల మధ్య గడ్డిగట్లు పోసి పురుగులకు నెలవు కల్పించడం, చలికాలం చివర్లో తిండి కరువయ్యే రోజుల్లో గింజల డబ్బాలు నిలపడం వాడుకలోకి వచ్చాయి. వేట పక్షుల కోసం పనిచేసే సంస్థలో సాగిన ఈ పరిశోధన వల్ల భరత పక్షులకు, సీతాకోకలకు, పొలం గట్టు పూలమొక్కలకు కూడా మేలు జరిగింది. ససెక్స్‌లోనే ఆరండెల్ దగ్గర, దాదాపు కనుమరుగైన ఈ పక్షి కోసం 2003లో ఈ పనులన్నీ కలిపి మొదలుపెడితే, పదేళ్లు దాటేసరికి వందల జంటలయ్యాయి.

ఉత్తరాన కొండ బీళ్లకు వెళితే పని వేరు. అక్కడి ఎర్ర గ్రౌస్‌ను దొడ్లలో పెంచి వదలడం ఆచరణలో కుదరదు. అది హెదర్ అనే పొద లేత చిగుళ్లు తిని, ముదురు పొదల చాటున దాక్కుని బతుకుతుంది. అందుకని కీపర్ హెదర్‌ను ముక్కలు ముక్కలుగా, ఏటా కొంత చొప్పున, తడి నేల ఉన్న చలికాలంలో కాల్చుతాడు. గాలి వాలు, నేల తేమ చూసుకుని చిన్న పట్టీలుగా కాల్చాలి. మంట అదుపు తప్పితే కింద వేల ఏళ్లుగా పేరుకున్న పీట్ నేల అంటుకుంటుంది. గ్రౌస్ గుంపులు ఉన్నట్టుండి ఎందుకు కూలిపోతాయో కనుక్కోవడానికి వేసిన సంఘం 1911లో నివేదిక ఇచ్చింది. అందులో ముఖ్య పరిశోధకుడు, మరుసటి ఏడాది ధ్రువ అన్వేషకుడు స్కాట్ వెంట దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ చనిపోయిన ఎడ్వర్డ్ విల్సన్. పేగులోని ఒక సన్నని పురుగు ఈ పతనానికి కారణమని అప్పుడు బయటపడింది. హెదర్‌ను అరిగించుకోవడానికి గ్రౌస్ చిన్న రాళ్లు మింగుతుంది కనుక, ఇప్పుడు ఆ రాళ్లకే మందు పూసి బీడులో అక్కడక్కడా ఉంచుతారు.

గుడ్లు తినే, పిల్లల్ని పట్టే జంతువులను చంపడం కూడా కీపర్ పనిలో భాగమే. ఈ వృత్తి మీద అసహ్యం ఎక్కువగా పుట్టేది ఇక్కడే. నక్కను తుపాకీతో కాలుస్తాడు. కాకిని, మాగ్‌పైని లార్సెన్ పంజరంతో పడతాడు. స్టోట్ అనే చిన్న మాంసాహార జంతువును సొరంగంలో ఉంచిన బోనుతో పడతాడు. ఒక జీవిని బతికించడానికి మరొక జీవిని చంపే హక్కు మనిషికి ఎక్కడిదన్న ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానం భావావేశంలో కాక కొలతల్లో వెతకాలి. 1985 నుంచి 1990 దాకా సాలిస్‌బరీ మైదానంలో రెండు ప్రాంతాలు తీసుకుని, మూడేళ్లు ఒకచోట ఇలా వేటాడే జంతువులను అదుపు చేసి, ఇంకో మూడేళ్లు చోట్లు మార్చారు. అదుపు ఉన్నచోట పార్ట్రిడ్జ్ జంటలు దాదాపు రెండున్నర రెట్లయ్యాయి. 2000 నుంచి 2008 దాకా ఆటర్‌బర్న్ బీళ్లలో ఇలాంటి పరీక్షే చేస్తే, మన తీతువుకు చుట్టమైన లాప్‌వింగ్, పొడుగు వంకర ముక్కు కర్లూ, బంగారు ప్లోవర్ కీపర్ ఉన్నచోట సగటున మూడు రెట్లు ఎక్కువగా పిల్లలను దక్కించుకున్నాయి. వీటిలో లాప్‌వింగ్‌ను, కర్లూను ఎవరూ కాల్చుకుతినడం లేదు. కర్లూ యూరప్‌లో వేగంగా తగ్గిపోతున్న పక్షి కూడా.

ప్రకృతిని దాని మానాన వదిలేస్తే అదే సర్దుకుంటుందని కొందరు అంటారు. తోడేలు, లింక్స్ ఎప్పుడో అంతరించిన దీవిలో, కోళ్లఫారాలూ చెత్తకుప్పలూ నక్కలను, కాకులను మేపుతున్నచోట ప్రకృతికి తనదంటూ ఒక మానం మిగల్లేదు. మనకూ ఇది పరాయి చిక్కేమీ కాదు. బట్టమేక పిట్ట కోసం 1988లో రోళ్లపాడును అభయారణ్యంగా ప్రకటించారు. ఏడాదికి తరచూ ఒక్క గుడ్డే నేల మీద పెట్టే ఆ పక్షి ఇటీవలి సంవత్సరాల్లో అక్కడ కనిపించడమే గగనమైంది. కాగితం మీద గీసిన హద్దు నేలగూటిని కాపాడదు. గడ్డి ఎంత ఎత్తు పెరిగింది, పశువులు ఎప్పుడు మేశాయి, కుక్కలు ఎటు తిరుగుతున్నాయి అని రోజూ చూసే మనిషి కావాలి.

ఇక అసలైన అభ్యంతరానికి వద్దాం. హెన్ హారియర్ అనే గద్ద గ్రౌస్ పిల్లలను పట్టుకుంటుంది. దాన్ని చంపడం చట్టవిరుద్ధం, అయినా చంపుతున్నారు. ఉపగ్రహ పరికరం కట్టిన 58 హారియర్లను పరిశీలించి 2019లో వెలువడిన అధ్యయనం, వాటిలో 72 శాతం చట్టవిరుద్ధంగా చచ్చి ఉంటాయని, లేదా అలా అనడానికి గట్టి ఆధారాలున్నాయని తేల్చింది. దీన్ని సమర్థించే మాట ఒక్కటి కూడా నా దగ్గర లేదు. ఇది వృత్తికి తీరని మచ్చ. కానీ స్కాట్లాండ్‌లోని లాంగ్‌హోమ్ బీడు కథ మొత్తం చదివితే కీపర్ లేకపోవడం హారియర్‌కే మేలు అనుకోలేం. 1992 నుంచి 1997 దాకా అక్కడ హారియర్లను ఎవరూ ముట్టుకోకుండా చూశారు. గూడుపెట్టే ఆడ హారియర్లు రెండు నుంచి ఇరవైకి పెరిగాయి. గ్రౌస్ పడిపోయి వేట ఆగింది, కీపర్లను తీసేశారు. ఆ తర్వాత నక్కలు పెరిగి, నేల మీదే గూడుపెట్టే హారియర్లు కూడా మళ్లీ రెండు మూడుకు పడిపోయాయి. 2008లో కీపర్లను తిరిగి తెచ్చి, హారియర్లకు చచ్చిన ఎలుకలు, కోడిపిల్లలు మేతగా ఇస్తే అవి గ్రౌస్ పిల్లల జోలికి దాదాపుగా పోలేదు, వాటి సంఖ్యా కోలుకుంది. వేటకు సరిపడా గ్రౌస్ మాత్రం తిరిగి రాలేదు, అందుకే ఆ ప్రయత్నాన్ని ఆపేశారు. 2021, 2022లలో స్థానికులు పూనుకుని నిధులు సేకరించి ఆ బీడులో కొంత భాగం కొని టారస్ లోయ ప్రకృతి రక్షిత ప్రాంతంగా మార్చారు. ఆ ఫలితంలో రెండు పాఠాలున్నాయి: వేట లాభం కోసమే నడిచే కీపర్ పని నిలవకపోవచ్చు, కీపర్ పని ఆగితే వేటకు సంబంధం లేని పక్షులూ నష్టపోతాయి.

ఈ వృత్తి చరిత్ర శుభ్రమైనది కాదన్నది నిజం. భూమి ఉన్నవాడికే వేట హక్కు ఇచ్చిన 1671 నాటి చట్టమే మేనరు యజమానులకు గేమ్‌కీపర్లను నియమించుకునే అధికారమిచ్చింది. ఆకలికి కుందేలు పట్టిన కూలివాడి మీద ఆ అధికారం విరుచుకుపడింది. ఈనాడు ఏటా కోట్ల ఫెజెంట్లను పెంచి, అడవిలోకి వదిలి, గంటల్లో వందలుగా కాల్చే వ్యాపారాన్ని కూడా నేను వెనకేసుకురాను. అందులో అడవి పక్షికి గూడు కట్టిపెట్టే విద్యకన్నా కోళ్లఫారం లెక్క ఎక్కువ. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటన్‌లో ఇరవై వేలకు పైగా ఉన్న కీపర్లు ఇప్పుడు పూర్తికాలం పనిచేసేవారు మూడు వేల చుట్టుపక్కలే ఉన్నారు. ఆ కొద్దిమందిలో పార్ట్రిడ్జ్ గూడు చూసి చెప్పగలవారు ఇంకా తక్కువ.

వేటకు మాత్రమే డబ్బు వచ్చినంతకాలం కీపర్ వేట కోసమే పనిచేస్తాడు. కర్లూ పిల్లలు ఎన్ని ఎగిరాయన్న లెక్క మీద ప్రభుత్వం వ్యవసాయ సాయం చెల్లిస్తే, అదే మనిషి అదే నైపుణ్యంతో కర్లూ కోసం పనిచేస్తాడు. గద్దను చంపిన ఎస్టేటు మాత్రం ఆ సాయాన్నీ వేట హక్కునూ రెండింటినీ పోగొట్టుకోవాలి. స్కాట్లాండ్ 2024 చట్టంతో గ్రౌస్ వేటకు లైసెన్సు తప్పనిసరి చేసి, గద్దల హత్యకు ఆధారం దొరికితే దాన్ని రద్దు చేసే వీలు కల్పించింది. ఇంగ్లండ్‌లో అలాంటి లైసెన్సు ఇంకా లేదు. నిజాయితీగా పనిచేసే కీపర్లే ముందుండి దాన్ని అడగాలి.